డేవిడ్ ససూన్ పోర్ట్రెయిట్‌కి నకలు గీస్తున్నాను, ఆయన గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

కుంచెపట్టు (పుణె) అడిగారు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పుణెలో సాయంత్రం పూట పెయింటింగ్ క్లాసుకి వెళ్తున్నాను. ఆయిల్స్ మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈ ఏడాది మా టీచర్ ఒక్కొక్కరినీ ఒక పాత పోర్ట్రెయిట్ ఎంచుకుని నకలు గీయమన్నారు. అది 19వ శతాబ్దానిదై ఉండాలి. దాని కింద ఆ మనిషి గురించి నాలుగు వాక్యాలు సొంతంగా రాయాలి. ఎక్కడినుంచో ఎత్తి రాస్తే ఒప్పుకోరు.

నేను డేవిడ్ ససూన్‌ని ఎంచుకున్నాను. కారణం మా అమ్మ. మూడేళ్ల కిందట అమ్మని ఇక్కడి ససూన్ ఆసుపత్రిలో చేర్చాం. పదకొండు రోజులు వార్డు బయట బెంచీ మీదే ఉన్నాను. అమ్మ నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఆ పదకొండు రోజుల్లో "ససూన్" అన్న మాట రోజుకి వందసార్లు విని ఉంటాను. ఆటోవాళ్లు అంతే, మందుల షాపువాళ్లు అంతే, "ససూన్‌లో ఉన్నారా?" అంటారు. అది ఒక మనిషి పేరని నాకు తట్టనే లేదు.

తర్వాత ఒకసారి ముంబయిలో కాలా ఘోడా దగ్గర డేవిడ్ ససూన్ లైబ్రరీలోకి వెళ్తే లోపల నిలువెత్తు పాలరాతి విగ్రహం కనిపించింది. తలపాగా, గడ్డం, పాదాల దాకా వచ్చే వదులు అంగీ. ఆ పేరున్న మనిషంటే సూటూ బూటూ వేసుకున్న దొర అయ్యుంటాడని ఊహించుకున్నదాన్ని, కాసేపు అలాగే నిలబడిపోయాను. ఇంటికొచ్చి వెతికితే ఆయన తైలవర్ణ చిత్రం దొరికింది. విలియం మెల్విల్ గీసిందని చెబుతారట. ఇప్పుడు నెలన్నరగా రోజూ రెండు గంటలు ఆ ముఖాన్నే చూస్తున్నాను.

నా సందేహాలు ఇవి. ఇంగ్లీషువాళ్ల బొంబాయిలో అంత పెద్ద వ్యాపారి అయ్యుండి ఆయన ఆ బట్టలే ఎందుకు ఉంచుకున్నారు? ముగ్గురు కొడుకులతో తీయించుకున్న పాత ఫొటో ఒకటి చూశాను. అందులో ఇద్దరు తండ్రిలాగే ఉన్నారు, ఒకరు మాత్రం ఇంగ్లీషు కోటులో ఉన్నారు. ఆయన ఎవరు?

ఇంకొకటి, అసలు నాకు నిద్ర పట్టనివ్వని విషయం. ఆయన సంపాదనలో నల్లమందు వ్యాపారం ఉందని చదివాను. నిజమేనా? నిజమైతే నేను ఆ నాలుగు వాక్యాల్లో ఏం రాయాలి? అమ్మ బతికిన చోటు ఆ డబ్బుతో కట్టిందేనా అని తలచుకుంటే కుంచె కదలడం లేదు.

పాతదస్తరం జవాబు:

మంచి చిత్రం ఎంచుకున్నారండీ. బట్టల సంగతి నాకు ఇష్టమైన విషయం, అక్కడినుంచే మొదలుపెడతాను.

ఆయన బొంబాయిలో పుట్టినవారు కాదు. 1792లో బాగ్దాద్‌లో పుట్టారు. అప్పుడది ఒట్టోమన్ల పాలనలో ఉంది. తండ్రి షేక్ ససూన్ బెన్ సాలెహ్ అక్కడి పాషాల, అంటే గవర్నర్ల దగ్గర కోశాధికారి, యూదుల సమాజానికి పెద్ద కూడా. ఆ కోశాధికారి పదవిని "సర్రాఫ్ బాషీ" అనేవారు. మన షరాబు అన్న మాట ఈ సర్రాఫ్ నుంచి వచ్చిందే. మీరు గీస్తున్న అంగీకి కూడా మనకి దగ్గరి మాటే ఉంది. జుబ్బా అరబ్బీ మాట. అక్కడ అది పైన వేసుకునే పొడుగు వదులు అంగీ, ఇక్కడికొచ్చేసరికి పొట్టిదైంది. కాబట్టి ఆ బట్టల్ని మరీ పరాయివిగా చూడకండి.

దావూద్ పాషా కాలంలో బాగ్దాద్ యూదుల మీద వేధింపులు పెరిగాయి. డేవిడ్ గారిని జైల్లో పెట్టారు, తండ్రి డబ్బు కట్టి విడిపించుకున్నారు. అక్కడినుంచి పారిపోయి పర్షియా తీరంలోని బుషెహర్ చేరారు. అంగీ అంచుల్లో ముత్యాలు కుట్టుకుని వెళ్లారని ఒక కథ చెబుతారు. కథో నిజమో గాని, మీరు ఆ అంచు గీసేటప్పుడు గుర్తు చేసుకోండి. ముసలి తండ్రి కూడా వెనకాలే వచ్చి అక్కడే కన్నుమూశారు. 1832 ప్రాంతంలో డేవిడ్ గారు కుటుంబంతో బొంబాయి చేరారు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. ఇంటి పెద్దగా, బాగ్దాద్ మనిషిగా పూర్తిగా తయారయ్యాక వచ్చారన్నమాట. నలభై ఏళ్లు కట్టిన తలపాగా ఓడ దిగగానే తీసేయరు కదా.

1853లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు ఆయన సంతకం చేసింది హీబ్రూలో. ఇంగ్లీషు నేర్చుకోలేదు. ఇంటివాళ్ల ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు యూదు అరబ్బీలో నడిచేవి. అంటే భాష అరబ్బీ, లిపి హీబ్రూ. బయటివాడి చేతిలో ఆ ఉత్తరం పడినా చదవలేడు. వ్యాపారానికి అది చిన్న లాభమేమీ కాదు.

ఇక ఫొటోలో కోటు వేసుకున్నవారు ససూన్ డేవిడ్ ససూన్. 1858లో ఆయన్ని లండన్ వ్యాపారం చూడమని పంపారు. తండ్రి ఒక్కో కొడుకునీ ఒక్కో రేవుకి పంపడం ఆ ఇంటి పద్ధతి. ఇలియాస్ అయితే 1844లోనే చైనా వెళ్లారు. ఫొటోలో తండ్రి పక్కనున్న మిగతా ఇద్దరు ఈ ఇలియాసూ, పెద్దకొడుకు అబ్దుల్లానూ. అబ్దుల్లా తర్వాత ఆల్బర్ట్ అని పేరు మార్చుకుని, లండన్‌లో స్థిరపడి, 1890లో బారోనెట్ అయ్యారు, అది వంశపారంపర్యంగా వచ్చే బ్రిటిష్ బిరుదు. మొదటి ప్రపంచ యుద్ధం మీద కవితలు రాసిన సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఈ కోటాయనకి మనవడు. మీ చిత్రంలోని పెద్దాయనకి మునిమనవడు.

అదే కుటుంబంలో తర్వాతి తరాలవాళ్లని జాన్ సింగర్ సార్జెంట్ గీశాడు. ఆ చిత్రాలూ మీ చిత్రమూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకే ఇల్లని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

కుంచెపట్టు:

షరాబు మాట చదివి ఆశ్చర్యపోయాను. మా తాతయ్య వాళ్ల వీధిలో షరాబుల ఇల్లు అని ఒకటుండేది. చాలా థాంక్స్ అండీ. హీబ్రూ సంతకం సంగతి నాలుగు వాక్యాల్లో తప్పకుండా రాస్తాను.

తూకంరాయి జవాబు:

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మీరు సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. నిజమే. ఆయన నల్లమందు వ్యాపారం చేశారు. పత్తి, బట్టలు, ఇంకా చాలా సరుకులు ఉన్నాయి, వాటితోపాటు ఇదీ ఉంది. చిన్న భాగమని చెప్పి మిమ్మల్ని సముదాయించలేను.

అప్పట్లో అది ఎలా నడిచేదో చెబుతాను. బీహార్ వైపు పండే నల్లమందు ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది, దాన్ని కలకత్తాలో వేలం వేసేవారు. మాళవలో, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు సంస్థానాల్లో పండేది మాత్రం ప్రైవేటు వర్తకుల చేతుల్లో ఉండేది. 1830లలో కంపెనీ ఆ సరుకుని బొంబాయి మీదుగా వెళ్లనిచ్చి, పెట్టెకింత అని సుంకం వసూలు చేసింది. ఒక్కో పెట్టె 60 కిలోల పైచిలుకు బరువుండేది. సరిగ్గా ఆ సమయానికే ససూన్ కుటుంబం బొంబాయిలో దిగింది.

చైనాలో అది నిషిద్ధం. 1839లో లిన్ జెషు అనే అధికారి వర్తకుల దగ్గర 20 వేలకు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకుని హ్యూమెన్ దగ్గర నాశనం చేయించాడు. దాని మీదే బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. చైనా ఓడింది. 1842 నాన్‌కింగ్ ఒప్పందంతో అయిదు రేవులు తెరుచుకున్నాయి, హాంకాంగ్ బ్రిటన్‌కి పోయింది. ఇలియాస్ 1844లో ఎక్కడికి వెళ్లారో పైన చదివారు కదా, ఆ తలుపు ఎలా తెరుచుకుందో ఇది. రెండో యుద్ధం మధ్యలో, 1858లో, చైనా చేత నల్లమందు దిగుమతిని చట్టబద్ధం చేయించారు. డేవిడ్ గారు పోయాక, 1870ల నాటికి, ఆ వ్యాపారంలో అందరికంటే పెద్ద చెయ్యి ససూన్ల కంపెనీదే అయింది.

అందులో ఎవరు నలిగారో కూడా మీ మనసులో ఉండాలి. అవతల ఒడ్డున దానికి బానిసలైపోయిన కుటుంబాలు. ఇవతల బీహార్‌లో అడ్వాన్సు తీసుకున్న పాపానికి, కంపెనీ ఇచ్చిన ధరకే గసగసాలు పండించిన రైతులు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. దీన్ని "యూదు వర్తకుడు" అన్న మాటకి కట్టేయకండి. ఈ వ్యాపారంలో పార్సీలున్నారు, గుజరాతీలు, మార్వాడీలు ఉన్నారు, స్కాట్లండ్‌వాళ్లు, అమెరికన్లు ఉన్నారు. సుంకం తిన్నది సర్కారు. బొంబాయిలో జంషెట్‌జీ జీజీభాయ్ కూడా చైనా వర్తకంలో నల్లమందు అమ్మి సంపాదించినవారే. ఆయన పేరుతోనే జేజే ఆసుపత్రి, జేజే ఆర్ట్ స్కూలు ఉన్నాయి. ఆ నగరంలో దానధర్మాల పునాదిరాళ్లు తీస్తే చాలాచోట్ల ఇదే మట్టి తగులుతుంది. మతం చూసి ఒకరినే వేలెత్తి చూపితే అది చరిత్ర కాదు, ద్వేషం.

నాలుగు వాక్యాల్లో నల్లమందు అన్న మాట ఉండాలని నా అభిప్రాయం. "వివిధ వ్యాపారాలు చేసి" అని దాటేయకండి. మీరు దాటేసే మనిషి కాదని పోస్టు చదివితేనే తెలుస్తోంది.

బైకుల్లామలుపు జవాబు:

ముంబయిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. ఆయన కట్టించిన మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయం ఇక్కడ బైకుల్లాలో ఇప్పటికీ ఉంది. 1860ల నాటిది, నీలం రంగు, గడియారం గోపురం. ఎప్పుడైనా వస్తే చూడండి.

మీ ప్రశ్న చదివాక ఒక విషయం తట్టింది. ఆయన 1864 నవంబర్‌లో మీ పుణెలోనే పోయారు. మీ అమ్మగారు ఉన్న ఆసుపత్రి తెరిచింది 1867లో. లైబ్రరీ భవనం పూర్తయింది 1870లో. దానికి ఆయన 60 వేల రూపాయలిచ్చారు, మిగతాది బొంబాయి ప్రభుత్వం పెట్టింది. పుణెలో లాల్ దేవళ్ అని పిలిచే ఎర్ర ఇటుకల ప్రార్థనాలయం, ఒహెల్ డేవిడ్, అది కూడా ఆయన పోయాకే పూర్తయింది. ఆయన సమాధి దాని ఆవరణలోనే ఉంది. అంటే మనం ఆయన పేరుతో పిలిచే వాటిలో చాలావాటిని ఆయన కళ్లతో చూడలేదు. మీరు గీస్తున్న కళ్లు ఆసుపత్రిని చూసినవి కావు.

అన్నట్టు, 1924లో గాంధీగారికి అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది ఈ ససూన్‌లోనే. ఎరవాడ జైలు నుంచి తీసుకొచ్చారు. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో ముగించారు.

లిన్‌సీడ్ జవాబు:

చరిత్ర పెద్దలు చెప్పారు. నేను రంగుల సంగతి చెబుతాను, ముప్పై ఏళ్లుగా పోర్ట్రెయిట్లు వేస్తున్నాను.

మొదటి జాగ్రత్త. ఫోన్లో చూసిన రంగుల్ని నమ్మకండి. 19వ శతాబ్దపు చిత్రాల మీద వేసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. మీకు గోధుమ రంగులో కనిపిస్తున్న నీడ నిజంగా చల్లటి బూడిద రంగు అయ్యుండొచ్చు. పైగా అప్పటి చిత్రకారులు కొందరు నీడల్లో బిట్యుమెన్ వాడేవారు, తారులాంటి పదార్థం. వేసినప్పుడు లోతుగా, వెచ్చగా బ్రహ్మాండంగా ఉంటుంది. అది పూర్తిగా ఆరదు. కొన్నేళ్లకి నల్లబడి, మొసలి చర్మంలా పగుళ్లిస్తుంది. కాబట్టి పాత చిత్రంలో నల్లగా ఉన్న ప్రతిచోటా మీరు నలుపు పెట్టకండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపి నీడ కట్టండి.

తలపాగాలో మడతలు లెక్కపెట్టి గీయడం మొదలుపెట్టి ఉంటారు. అందరూ చేసే పనే. ముందు దాన్నొక గుండ్రటి బరువైన వస్తువులా, వెలుగు ఒకటి, నీడ ఒకటి అని రెండు ముక్కలుగా వేయండి. అది నుదుటి మీద వేసే నీడ చాలా ముఖ్యం. ఆ నీడ సరిగ్గా కుదిరితేనే తలపాగా తల మీద కూర్చుంటుంది. లేకపోతే పైన అతికించినట్టే ఉంటుంది.

గడ్డం తెల్లది కదా అని తెలుపు తీయకండి. మొత్తం గడ్డాన్ని మధ్యస్థపు బూడిద రంగులో మెత్తగా వేసి, చెంప చర్మంలోకి తడిగా ఉన్నప్పుడే కలపండి. చివర్లో వెలుగు తగిలేచోట ఆరేడు గీతలు చాలు. అప్పటివాళ్లు లెడ్ వైట్ వాడేవారు, అది వెచ్చగా, కాస్త తీగలా సాగుతుంది. మీ చేతిలో ఉన్న టైటానియం వైట్ సుద్దలా, చల్లగా ఉంటుంది. గోరంత నేపుల్స్ ఎల్లో కలపండి. ఇక కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ, ఈ నియమం తప్పితే మీ చిత్రమూ పదేళ్లలో పగులుతుంది.

కళ్లు ఎంతవరకు వచ్చాయి?

కుంచెపట్టు:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

లిన్‌సీడ్ గారూ, మీరు చూసినట్టే చెప్పారు. తలపాగా మడతలు లెక్కపెట్టే వేశాను. నిన్న రాత్రి గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను. నుదుటి మీద నీడ వేయగానే తల ఒక్కసారి ముందుకొచ్చింది. గడ్డం బూడిద రంగులో ఆరుతోంది. కళ్లు ఇంకా ముట్టుకోలేదు.

తూకంరాయి గారూ, మీ జవాబు రెండు రోజులు మనసులోనే తిరిగింది. అమ్మకి కూడా చదివి వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు చాలాసేపు. తర్వాత "ఆ చైనావాళ్లలో కూడా అమ్మలు ఉండి ఉంటారు కదే" అంది. ఆ మాట తర్వాత నాకు నాలుగు వాక్యాలు వచ్చేశాయి. ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి:

"డేవిడ్ ససూన్ బాగ్దాద్ నుంచి ప్రాణాలు దక్కించుకుని బొంబాయి వచ్చిన యూదు వర్తకుడు, పౌరసత్వ పత్రం మీద కూడా హీబ్రూలోనే సంతకం చేశారు. పత్తి, బట్టలు, నల్లమందు అమ్మి సంపాదించారు; ఆ నల్లమందు చైనాలో లెక్కలేనన్ని ఇళ్లు కూల్చింది. ఆయన ఇచ్చిన డబ్బుతో పుణెలో ఆసుపత్రి లేచింది, అది తెరిచేనాటికి ఆయన లేరు. మా అమ్మ అక్కడ బతికింది."

తూకంరాయి:

ఒక్క అక్షరం మార్చకండి.

పాతదస్తరం:

నాదో చిన్న సవరణ. ఆసుపత్రికి డబ్బు ఆయన ఒక్కరిదే అన్నట్టు ధ్వనిస్తోంది. "ఆయన ఇచ్చిన విరాళం తోడై" అంటే సరిపోతుంది. మిగతాదంతా బాగుంది. మీకు ఉపయోగపడుతుందేమోనని ఇంకొకటి. 2023లో న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో ససూన్ల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. మీ చిత్రం అందులో ఉంది. ఆ ప్రదర్శన ఫొటోల్లో రంగులు మామూలు నెట్ ఫొటోల కంటే నమ్మదగ్గవి, పెద్దవిగా దొరుకుతాయి. చిత్రం ఒకరి సొంత సేకరణలో ఉంది కాబట్టి వెళ్లి చూడటం మనవల్ల కాదు.

లిన్‌సీడ్:

కళ్ల సంగతి చెప్పి వెళ్తాను. కనుపాపతో మొదలుపెట్టకండి. ముందు కంటి గుంట నీడ, తర్వాత పై రెప్ప బరువు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, పై రెప్ప కాస్త జారి ఉంటుంది, కింది రెప్ప అంచున సన్నటి తడి మెరుపు ఉంటుంది. తెల్లగుడ్డు తెల్లగా వేయకండి, నుదుటి నీడ దాని మీద కూడా పడుతుంది. రెండు కళ్లలో వెలుగు చుక్క ఒకేలా పెట్టకండి, దీపానికి దూరంగా ఉన్న కంట్లో కొంచెం తగ్గించండి. పగటి వెలుతురులో వేయండి, ట్యూబ్‌లైట్ కింద వద్దు.

కుంచెపట్టు:

"విరాళం తోడై" అని మార్చాను. ఆ ప్రదర్శన ఫొటోలు కూడా దొరికాయి, నా నేపథ్యం మరీ ఎర్రగా ఉందని ఇప్పుడు తెలిసింది, దాన్ని సరిచేయాలి. శనివారం పొద్దున కిటికీ దగ్గర స్టాండు పెట్టుకుని ఎడమకన్ను మొదలుపెడతాను. అమ్మని ఎదురుగా కూర్చోమన్నాను, రెప్ప ఎలా జారుతుందో చూసుకోవడానికి.